చియాంగ్‌మై నగర చరిత్ర: గంపలో కూర, ఊరిలో జనం

మన ఉగాది వెళ్లిన కొద్ది దినాలకో, కొన్ని వారాలకో, సూర్యుడు మేషరాశిలో ప్రవేశించేనాడు మన ఇరుగుపొరుగువారిలో కొందరికి సంవత్సరాది వస్తుంది. తమిళదేశంలో కాపురమున్న మనవారికి ఈ సంగతి క్రొత్త కాదు. ఒడిశాలోని మనవారికి అది పణా సంక్రాంతి, పానకాల పండుగ. కన్నడ, మహారాష్ట్ర సీమలలో ఉన్నవారికి మాత్రం ఇరుగుపొరుగుతోపాటు ఒకేనాడు పండుగ గనుక ఈ రెండు సంవత్సరాదుల ముచ్చట అంతగా అనుభవం కాదు. ఆ మేష సంక్రమణమే బంగాళాఖాతానికి ఆవల బర్మాలోనూ, శ్యామ్ అని మన పెద్దలు పిలిచిన నేటి థాయిలాండులోనూ సంవత్సరాది. థాయి భాషలో ఆ పండుగను ‘సోంగ్‌క్రాన్’ అంటారు. సంక్రాంతి అనే మాటే అక్కడి నాలుకకు తగినట్లు మారి సోంగ్‌క్రాన్ అయినది.

ఆ దేశంలో ఈ పండుగ వైభవానికి పేరుపడిన ఊరు ఉత్తరాన ఉన్న చియాంగ్‌మై. విహారయాత్రకు పోయివచ్చినవారు ఆ పట్నాన్ని గురించి కొండ మీది గుడి, రాత్రి బజారు, ఏనుగులు అని మూడు మాటలు చెప్పి ముగిస్తారు. ఆ మూడూ ఉన్నమాట నిజమే. కాని మనవంటి వలసజనం అక్కడ చూడవలసిన సంగతి వేరొకటి ఉన్నది. ఒకప్పుడు ఆ ఊరు పూర్తిగా పాడుపడి అడవి పాలైనది. దానిని మళ్లీ నింపినవారిలో ఇష్టపడి వచ్చినవారు కొందరు, పట్టి తేబడినవారు అనేకులు. నేడు యాత్రికులు ముచ్చటపడి తిరిగే పనివాండ్ర వీధులు వారి వీధులే. ఆ కథ చెప్పుకొనడానికి ముందు ఊరి పుట్టుక కొంత తెలియవలెను.

చియాంగ్‌మై అంటే క్రొత్త పట్నమని అర్థం. 1296లో కట్టిన ఊరు, ఏడువందల ఏండ్లు దాటినా ఇంకా క్రొత్త పట్నమే. మన సీమలలోని కొత్తపేటలకూ కొత్తపల్లెలకూ ఇదే సౌభాగ్యం కదా! దీనిని కట్టించినవాడు మంగ్‌రాయి అనే రాజు. ఆయన మెకాంగు నదీతీరపు చియాంగ్‌సేన్ సీమవాడు. 1262లో చియాంగ్‌రాయి పట్నం నిర్మించి, ఆపైన దక్షిణానికి దిగి, హరిపుంజయమనే మాన్ జాతివారి రాజ్యాన్ని జయించి, పింగ్ నదీ మైదానంలో రాజధానికి చోటు వెదికినాడు. ఆయన నెలకొల్పిన రాజ్యానికి లాన్నా అని పేరు. లాన్ అంటే పదిలక్షలు, నా అంటే వరిమడి. పదిలక్షల వరిమళ్ల రాజ్యమన్నమాట.

మొదట ఆయన వేసిన రాజధాని ఇది కాదు. నేటి పట్నానికి దక్షిణాన కొద్ది మైళ్ల దూరంలో, నది ఒడ్డున, వియాంగ్ కుమ్‌కామ్ అనే ఊరు కట్టించినాడు. వరదలు వచ్చి ముంచుతూ ఉంటే విసిగి, పడమటి కొండల వాలుకు దగ్గరగా మెరక నేల చూసుకొన్నాడు. ఆ పాత ఊరు తరువాత కొంతకాలం నిలిచి, చివరకు ఒండ్రుమట్టి క్రింద పూడిపోయి, ఉండినదన్న సంగతే జనం మరచినారు. 1984లో ఆ దేశపు లలితకళల శాఖవారు త్రవ్వి చూడగా గుళ్ల పునాదులు, స్తూపాల అరుగులు, ప్రాకారాలు బయటపడినవి. నేడు గుర్రపుబండి మీద వాటిని చుట్టి రావచ్చును. ఊరు పల్లంలో పడి ఉండగా చుట్టూ ఇళ్లు మెరకన ఉండుట చూస్తే వరద తెచ్చిపోసిన మట్టి ఎంతో కంటికి తెలుస్తుంది. మంగ్‌రాయి ఎరిగిన ఆ పింగ్ నది ఇంకా అటువంటిదే. 2024 అక్టోబరులో పొంగి క్రొత్త పట్నపు బజారు వీధులను కూడా ముంచి పోయినది.

క్రొత్త పట్నానికి ముహూర్తం పెట్టేవేళ మంగ్‌రాయి తన మిత్రులైన సుఖోదయ రాజు రామ్‌ఖమ్‌హేంగ్‌నూ, ఫయావో రాజునూ పిలిపించి సలహా అడిగినాడని ఆ ఊరి రాజవంశగాథ చెప్పుతుంది. శుభశకునాలుగా తెల్ల దుప్పి, తెల్ల ఎలుక కనిపించినవని అందులో ఉన్నది. నాకు శకునాలకంటె మిత్రులు చెప్పిన మాట నచ్చినది. మంగ్‌రాయి చాలా పెద్ద కోట తలపెట్టగా వారు వద్దన్నారట. ‘రేపు జనం తగ్గిన కాలంలో శత్రువు వచ్చిపడితే ఇంత పొడుగు గోడను కాచేవారు చాలరు, తగ్గించి కట్టుము’ అన్నారట. ఆ మాట విని తగ్గించి కట్టినదే నేడు మనం చూసే చతురస్రం. ఒక్కొక్క ప్రక్క సుమారు మైలు పొడవు, చుట్టూ కందకం, అయిదు ద్వారాలు. ఇటుక గోడలు చాలవరకు పోయినవి. నాలుగు మూలల బురుజులు మాత్రం శిథిలాలుగా ఉన్నవి. తూర్పున అందరూ నిలిచి ఫోటోలు తీసుకొనే థా ఫే ద్వారం 1980ల నడుమ తిరిగి కట్టినది. ఊరి నడుమ ముగ్గురు రాజులూ నిలిచి మాటాడుకొంటున్నట్లు కంచు విగ్రహాలు కూడా ఉన్నవి. జనం తగ్గే కాలం వస్తుందని ఊరు పుట్టకముందే ఊహించినవారి విగ్రహాలని తెలిసి చూస్తే వాటి అందం వేరు.

కోట కట్టిస్తూ మంగ్‌రాయి బస చేసిన చోట వెలసినది వాట్ చియాంగ్‌మాన్. ‘వాట్’ అంటే ఆలయం, విహారం రెండూను. అక్కడి స్తూపాన్ని చుట్టూ ఏనుగుల శిల్పాలు వీపున మోస్తున్నట్లు ఉంటవి. పట్నం పుట్టిన తేదీని చెప్పే శిలాశాసనం అక్కడే ఉన్నది, అయితే దానిని చెక్కినది 1581లో. అదే ఆలయంలో మదించిన నాలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టం చెక్కిన చిన్న శిల ఉన్నది. ఆ పనితనం మన దేశంలోని పాలరాజుల కాలపు శిల్పరీతిది.

ఈ ఊరికి నడిబొడ్డు దైవం ఒక స్తంభం. దాని పేరు ‘ఇంథఖిన్’. ఉచ్చారణ చూసి కంగారు పడవద్దు, అది పాలిభాషలోని ‘ఇందఖీల’, మన ‘ఇంద్రకీలం’. బెజవాడ కనకదుర్గమ్మ కొండకు ఇంద్రకీలాద్రి అని పేరుండుట మనకందరికీ తెలిసినదే. కోటవాకిట పాతే గట్టి స్తంభాన్ని ఇంద్రకీలమనుట ప్రాచీన సంస్కృత, పాలి గ్రంథాల వాడుక. చియాంగ్‌మైలో అది పట్నాన్ని నిలిపి ఉంచే మేకు. ఏటా వేసవి చివర, తొలకరికి ముందు, జనం దానికి పూలు సమర్పించి వానలు కోరుకుంటారు. స్తంభమున్న మండపంలోకి స్త్రీలకు ప్రవేశం లేదు. మన ఆడపడుచులు ఇది ముందే తెలుసుకొని పోవుట మంచిది.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. ఇటువంటి సంచికలలో దూరదేశాల సంగతి వ్రాసేటప్పుడు ప్రతిదానికీ తెలుగు మూలం అంటగట్టుట మనవారికి ఒక సరదా. లాన్నా పండితులు తాటాకుల మీద వ్రాసిన గుండ్రని లిపి మాన్ లిపినుండి వచ్చినది. మాన్ లిపి దక్షిణ భారతపు లిపులనుండి పుట్టినది. ఇంతవరకు నిశ్చయమే. మాన్ జనులను బర్మీయులు ‘తలైంగులు’ అనేవారు. ఆ మాటను త్రిలింగ దేశంతో ముడిపెట్టిన పండితులున్నారు, కాదని ఖండించినవారూ ఉన్నారు. మనకు ఇష్టమైన పక్షాన్నే నిజమని వ్రాసుకొనుట న్యాయం కాదు. ఆ తాటాకుల మీది అక్షరాలు చూసినప్పుడు మన తలకట్లు, గుడులు జ్ఞాపకం వచ్చేమాట మాత్రం నిజం.

మంగ్‌రాయి వంశం రెండున్నర శతాబ్దాలు ఏలినది. యాత్రికులు చూసే ముఖ్యమైన ఆలయాలన్నీ ఆ కాలానివే. తండ్రి చితాభస్మం కోసం 1345లో ఫాయూ రాజు మొదలుపెట్టినది వాట్ ఫ్రాసింగ్. ఆయన కొడుకు కువేనా సుఖోదయంనుండి సుమనుడనే భిక్షువును రప్పించి తన పూలతోటనే విహారానికి ఇచ్చినాడు. అది వాట్ సువాన్‌దోక్, అంటే పూలతోట గుడి. భిక్షువు తెచ్చిన బుద్ధధాతువు రెండు ముక్కలైనదనీ, ఒకటి తోటలో ఉంచి రెండవదానిని తెల్ల ఏనుగు మీద పెట్టి విడిచిపెట్టగా అది పడమటి కొండ ఎక్కి, మూడుసార్లు ఘీంకరించి ప్రాణం విడిచినదనీ, అక్కడే గుడి కట్టినారనీ చెప్పుతారు. అదే దోయి సుథేప్ కొండ మీది బంగారు స్తూపం. దోయి అంటే కొండ. సుథేప్ అనునది వాసుదేవుడనే ఋషి పేరు. ఆ ఋషి అక్కడ తపస్సు చేసినాడని గాథ. నాగపడగల మెట్లు మూడువందలకు పైచిలుకు, ఎక్కలేనివారికి వాలు బండి ఉన్నది.

ఆ వంశంలో గట్టివాడు తిలోకరాజు. 1441 మొదలు 1487 దాకా ఏలినాడు. తాతగారు మొదలుపెట్టిన చెదీ లువాంగ్ అనే మహాస్తూపాన్ని ఎనభై మీటర్ల ఎత్తుకు లేపినాడు. నేడు బాంకాకులో రాజప్రాసాదపు ఆలయంలో ఉన్న పచ్చల బుద్ధవిగ్రహం అప్పుడు ఈ స్తూపపు తూర్పు గూటిలో ఉండేది. 1545 భూకంపంలో స్తూపం పైభాగం కూలినది. ఆ మొండి గోపురాన్ని అట్లే నిలిపి 1990లలో మరమ్మతు చేసినారు. పూర్తిగా తిరిగి కట్టకపోవుటే మంచిదైనదని నా తలంపు. ఆయనే 1455లో కట్టించిన వాట్ చెత్‌యోత్ అనే ఏడు శిఖరాల గుడి మన బుద్ధగయ మహాబోధి ఆలయాన్ని అనుసరించినది. 1477లో అక్కడ భిక్షువులు సమావేశమై త్రిపిటకాన్ని పరిష్కరించినారు. ఊరికి కొంచెం దూరమని చాలామంది దీనిని విడిచిపెట్టి రాత్రి బజారుకు పోతారు. గోడల మీద చేతులు జోడించి నిలిచిన దేవతామూర్తులను చూడనివాడు చియాంగ్‌మై చూచినట్లు కాదు.

1558లో బర్మా రాజు బయిన్నౌంగ్ దండెత్తి వచ్చి పట్నం పట్టుకొన్నాడు. ఆపైన నడుమ నడుమ ఆటంకాలు వచ్చినా రెండువందల ఏండ్లకు పైగా బర్మావారి పెత్తనమే సాగినది. 1775 ఆరంభంలో లంపాంగ్ రాకుమారుడు కావిలా, చియాంగ్‌మై ప్రముఖుడు ఫయా చాబాన్ శ్యామ్ రాజైన తాక్సిన్ సేనలతో కలసి బర్మావారిని వెళ్లగొట్టినారు. విజయమైతే వచ్చినది గాని ఊరు దక్కలేదు. యుద్ధాలకు జనం చెదరినారు, పొలాలు బీళ్లు పడినవి, బర్మాసేనలు మళ్లీ మళ్లీ వచ్చినవి, కోటలో తిండి లేదు. ఫయా చాబాన్ మిగిలిన కొద్దిమందిని వెంటబెట్టుకొని ఊరు విడిచినాడు. సుమారు ఇరవై ఏండ్లు చియాంగ్‌మైలో దీపం లేదు. గుళ్లలో రావిమొక్కలు, వీధులలో పొదలు, కోటలో పులులు, ఏనుగులు. మిత్రరాజులు చెప్పిన మాట అక్షరాలా జరిగినది. వారి సలహాతో తగ్గించి కట్టిన గోడను సైతం కాచేవారు లేకపోయినారు.

1782లో బాంకాకులో క్రొత్త రాజవంశం వచ్చి కావిలాను చియాంగ్‌మై ప్రభువుగా నియమించినది. ప్రభువైనాడు గాని ప్రజలేరి? ఆయన నేరుగా చియాంగ్‌మైలో కాలు పెట్టలేదు. దక్షిణాన పాసాంగ్ అనేచోట దిగి పదునాలుగేండ్లు అక్కడే ఉండి, ఒక్కొక్క గుంపుగా మనుష్యులను కూడబెట్టినాడు. డబ్బు కూడబెట్టుట విన్నాము, ధాన్యం కూడబెట్టుట విన్నాము. ఆ సీమలో కూడబెట్టవలసిన ధనం మనుష్యులే. నేల కావలసినంత ఉన్నది, నీరున్నది, దున్నే చేతులు లేవు. అందుచేత ఆ దేశాల యుద్ధాలలో గెలిచినవాడు నేలకంటె ముందు జనాన్ని పట్టుకొని పోయేవాడు. కావిలా కాలపు ఈ పనికి అక్కడ ఒక సామెత నిలిచిపోయినది. ‘కూరలు ఏరి గంపలో వేయి, జనాన్ని ఏరి ఊరిలో వేయి’ అని దాని భావం. ఆ సామెతలో జనానికి వాడిన మాటకు సేవకుడు, దాసుడు అనే అర్థమే ఉన్నది. కూరాకుకు తోటమీద ఇష్టమేమి, గంపమీద ఇష్టమేమి!

1796లో, పట్నం పుట్టిన అయిదువందల ఏండ్లకు సరిగా, కావిలా ఊరేగింపుతో చియాంగ్‌మైలో ప్రవేశించినాడు. ఉత్తరాన తెల్ల ఏనుగు ద్వారంగుండా వచ్చినాడు. ఆయనకు ముందు ఒక లువా మనిషి గంప మోసికొని, కుక్కను నడిపించుకొని లోనికి పోయినాడు. లువాలు మంగ్‌రాయికి పూర్వమే ఆ కొండలలో ఉన్న ఆదిమజాతి. నేల వారిదనీ, వారు ముందు అడుగుపెట్టినగాని రాజు అడుగుపెట్టరాదనీ ఆచారం. ఆ రాత్రి కావిలా మంగ్‌రాయివలెనే వాట్ చియాంగ్‌మాన్ దగ్గర విడిది చేసినాడు. తరువాత కోటగోడలు బాగుచేయించినాడు. 1800లో ఇంద్రకీలాన్ని చెదీ లువాంగ్ ఆవరణలోనికి మార్చి ప్రతిష్ఠించినాడు. ఇన్ని లాంఛనాలు ఎందుకంటే, రాజూ క్రొత్తవాడే, ప్రజలూ క్రొత్తవారే. ఊరొక్కటే పాతది. దాని పాతదనాన్ని అందరికీ పంచిపెట్టవలసి వచ్చినది.

జనాన్ని ఎక్కడెక్కడినుండి తెచ్చినారో చూడండి. 1804లో బర్మావారి చేతిలో ఉన్న చియాంగ్‌సేన్ పట్నాన్ని పట్టి, కాల్చి, అక్కడి ప్రజలను అయిదు భాగాలు చేసి చియాంగ్‌మై, లంపాంగ్, నాన్, వియంచాన్, బాంకాకులకు పంచుకొన్నారు. మంగ్‌రాయి వంశానికి పుట్టినిల్లు వంటి ఊరు అట్లు పాడుపడినది. ఒక ఊరు నిండుటకు మరొక ఊరు ఖాళీ కావలెను కదా. 1805లో ఉత్తరాన మువాంగ్ యోంగ్ సీమవారిని తెచ్చి లంఫూన్‌లో దించినారు. నేటికీ లంఫూన్ జిల్లాలో వారి సంతతి విస్తారం, నేతపని వారికి ప్రసిద్ధి. చియాంగ్‌తుంగ్ సీమనుండి ఖోన్ జనాన్ని, సిప్సాంగ్‌పన్నానుండి లూ జనాన్ని, సాల్వీన్ నదీతీరంనుండి మరికొందరిని తెచ్చినారు. అందరూ యుద్ధఖైదీలు కారు. నచ్చజెప్పగా వచ్చినవారు, తమ ప్రభువుతో కలసి వచ్చినవారు ఉన్నారు. కాని పిల్లాజెల్లలతో కొండలు దాటి నడిచి వచ్చిన త్రోవ అందరికీ ఒక్కటే.

సేద్యం తెలిసినవారిని పల్లెలకు పంపి, చేతిపని తెలిసినవారిని పట్నం దగ్గరే ఉంచినారు. కోటకు దక్షిణాన ఇటుకగోడకు వెలుపల, మట్టికట్టకు లోపల, పనివాండ్ర పేటలు వెలసినవి. యాత్రికులు తప్పక చూడవలసినవి ఇవే. వూవాలై వీధి వెండిపనివారిది. సాల్వీన్ తీరాన తాము విడిచివచ్చిన పల్లె పేరునే ఇక్కడి పేటకు పెట్టుకొన్నారు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో సుత్తి చప్పుడు వినిపిస్తుంది. రేకును వెనుకనుండి కొట్టి ఉబ్బెత్తు చిత్రాలు తేల్చుట వారి విద్య. వెండి ధర పెరిగి అల్యూమినియం మీద కూడా అదే పని చేస్తున్నారు. ఆ పేటలోని వాట్ శ్రీసుఫన్ అయిదువందల ఏండ్ల నాటిది. పేరులో ఉన్నది సువర్ణం, కాని 2004లో మొదలుపెట్టి పదేండ్లకు పైగా శ్రమపడి ఆ పేటవారే తమ ఉపోసథ మందిరాన్ని పైకప్పు మొదలు గోడల దాకా వెండి, అల్యూమినియం, నికెల్ రేకులతో కప్పినారు. పట్టి తెచ్చినవారి మనుమల మనుమలు తమ పనితనాన్ని ఒక గుడి మీద పరచి చూపినారు. ఇక్కడ కూడా స్త్రీలు లోనికి పోరాదు. బయటినుండి చూసినా తనివితీరుతుంది. శనివారం సాయంత్రం ఆ వీధిలో బండ్లు ఆపి అంగడి పెడతారు.

ప్రక్కనున్న నంతారామ్ పేట ఖోన్ జనానిది. వెదురు అల్లికమీద ఒక జాతి చెట్టుపాలను పూతలు పూతలుగా పూసి నునుపు చేసి పెట్టెలు, పళ్లాలు, తాంబూలపు పేటికలు చేయుట వారి పని. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు ఇచ్చేది, ఇది చెట్టు ఇచ్చేది, రెండింటి మెరుపూ వేరు. థాయి భాషలో ఈ సామాను అంతటికీ ‘ఖోన్ సామాను’ అనే పేరు. తెచ్చిన రాజులు పోయినారు, తేబడిన జాతి పేరు సామానుకు నిలిచినది.

ఈ వీధులలో నడిచేటప్పుడు మన ఊళ్లు జ్ఞాపకం రాకమానవు. షోలాపురంలో పద్మశాలీల మగ్గాల పేటలు, నాయకరాజుల కాలంలో తమిళదేశానికి తరలిన మన కుటుంబాల వీధులు ఇటువంటివే. భాష వీధిలోపల ఒకటి, వీధి దాటితే మరొకటి. మనవారిలో చాలామంది దండు వెంటనో, దానభూమి వెంటనో, మగ్గం వెంటనో తమ కాళ్లతో తాము పోయినారు. కరువుకు తాళలేక పోయినవారికి ఇష్టమెంత, బలవంతమెంత అనేది చెప్పుట సులభం కాదు. కావిలా జనంలోనూ ఆ గీత అంత స్పష్టంగా లేదు. చియాంగ్‌మైలో ఈ గుంపులన్నీ రెండు మూడు తరాలలో ఒకే గుడికి పోయి, ఒకే ఉత్తరాది పలుకు నేర్చి కలసిపోయినవి. కాని పేట పేరు, చేతిపని, వంటలో రుచి మిగిలినవి.

పంతొమ్మిదవ శతాబ్దిలో టేకు కలప వ్యాపారం వచ్చినది. బొంబాయి బర్మా కంపెనీ మొదలైనవారు అడవులు గుత్తకు తీసుకొన్నారు. బర్మా, షాన్ మేస్త్రీలు సంపాదించి గుళ్లు కట్టించినారు. అందుకే తూర్పు పేటల గుళ్లు బర్మా పోకడగా ఉంటవి. 1867లో మెక్‌గిల్వరీ అనే అమెరికా పాదిరీ వచ్చి స్థిరపడినాడు. యున్నాన్ ముస్లిం వర్తకులు కంచరగాడిదల బిడారులతో వచ్చి, నేడు అందరూ ఇష్టంగా తినే ‘ఖావ్ సోయ్’ అనే కూరరసపు సేమ్యాను వెంట తెచ్చినారంటారు. శాకాహారులు ‘జే’ అని అడిగితే మాంసం లేని వంటకం పెడతారు. బట్టల వర్తకులైన సిక్కులూ, వారి గురుద్వారా కూడా ఆ ఊరిలో ఉన్నవి.

కావిలా వంశంలో దారా రశ్మి అనే రాకుమార్తెను గురించి చెప్పక మానరాదు. 1873లో పుట్టి, పదమూడేండ్ల ప్రాయంలో బాంకాకు రాజు చులలాంగ్‌కార్న్ అంతఃపురానికి పోయినది. అక్కడి స్త్రీలు జుట్టు కత్తిరించి వేరు కట్టు కట్టుకొంటూ ఉండగా, ఈమె తన పరివారంతో సహా లాన్నా చీర కట్టు, పొడుగు జుట్టు కొప్పు విడువలేదు. ‘లావోది’ అని ఎత్తిపొడిచినా విడువలేదు. రాజు మరణించిన తరువాత 1914లో పుట్టినింటికి తిరిగివచ్చి నేత, నాట్యం, సంగీతం, తోటపని పోషించి 1933లో చనిపోయినది. అంతకుముందే 1909లో తన వంశీయుల అస్థికలన్నింటినీ ఒకచోట చేర్చి పూలతోట గుడిలో తెల్లని స్తూపాలు కట్టించినది. సాయంత్రపు ఎండలో వాటి వెనుక సుథేప్ కొండ కనిపిస్తుంది.

రైలుమార్గం 1921–22 ప్రాంతంలో ఖున్‌తాన్ కొండ సొరంగం దాటి ఊరు చేరినది. అంతవరకు బాంకాకునుండి పింగ్ నదిపైన పడవలో వారాల తరబడి ప్రయాణం. కొండ మీది గుడికి దారి లేని సంగతి మాత్రం అట్లే ఉండినది. 1934 నవంబరులో శ్రీవిజయుడనే భిక్షువు పిలుపు ఇచ్చినాడు. అనుమతి లేకుండా దీక్షలు ఇచ్చినాడని బాంకాకు మతాధికారులు అంతకుముందే ఆయనను విచారణకు రప్పించి ఉన్నారు. జనానికి మాత్రం ఆయన దేవుడు. పల్లె పల్లెలనుండి వేలమంది గునపాలు, పారలు పట్టుకొని, తమ బియ్యం తాము తెచ్చుకొని వచ్చి, ఇంచుమించు ఆరు నెలలలో కొండ చుట్టూ దారి కొట్టినారు. 1935 ఏప్రిల్ 30వ తేదీన మోటారు కారు పైకి ఎక్కినది. ఆ వేలమందిలో లూలు, ఖోన్లు, యోంగులు ఎందరో. నూటముప్పై ఏండ్ల క్రితం వారి పెద్దలను ఈ సీమకు నడిపించినది కత్తి. ఈసారి ఎవరూ వారిని గంపలో వేయలేదు, వారే వచ్చినారు. కొండ క్రింద ఆ భిక్షువు విగ్రహానికి పూలు పెట్టనిదే స్థానికులు పైకి పోరు.

చూడబోయేవారికి నవంబరు మొదలు ఫిబ్రవరి దాకా చల్లని కాలం మేలు. కార్తీక పూర్ణిమకు అక్కడ ‘యీపెంగ్’ పండుగ. వాకిళ్లలో దీపాలు, ఆకాశంలో కాగితపు దీపాలు, నదిలో అరటిదొప్పలు. కటకంలో ఆనాడు మహానదిలో పడవలు విడిచే మనవారికి అది పరాయి పండుగ అనిపించదు. మార్చి, ఏప్రిల్ నెలలలో అడవులకూ, కోసిన పొలాలకూ నిప్పు పెట్టుటచేత పొగ క్రమ్ముతుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ నెలలు మానుకొనవలెను. సంవత్సరాది సరిగా ఆ పొగలోనే వస్తుంది, ఏమి చేయగలము!

ఆ సంవత్సరాదికి ఏప్రిల్ 13న ఫ్రాసింగ్ బుద్ధమూర్తిని ఊరేగించి జనం పన్నీరు చల్లుతారు. కందకం చుట్టూ నీళ్లాట చూసినవారే చాలమంది, దానిని మించినది ఇళ్లలో జరుగుతుంది. మొదటినాడు ఇల్లు ఊడ్చి తలస్నానం చేస్తారు. రెండవనాడు ఎవరినీ తిట్టరాదు, తిడితే ఏడాదంతా నోరు కుళ్లుతుందంటారు. ఆనాడే నదినుండి ఇసుక తెచ్చి గుడిలో కుప్పలు పోస్తారు, ఏడాది పొడుగునా కాళ్లకు అంటి పోయిన గుడి ఇసుకకు అది చెల్లింపు. మూడవనాడు పెద్దల దగ్గరకు పోతారు. దానికి ‘దామ్ హువా’ అని పేరు, తలంటు అని అర్థం. వెండిగిన్నెలో నీళ్లు పోసి, అందులో పూలతోపాటు కొంచెం కాల్చిన ఒక కాయ వేస్తారు. వరోరోట్ అంగడిలో ఆ రోజులలో ఎక్కడ చూసినా ఆ కాయలే. దానిని వారు ‘సోమ్ పోయ్’ అంటారు. అది మన శీకాయ. మన అవ్వలు ఉగాదినాడు తలంటుకు నూరి పెట్టిన శీకాయే. పిల్లలు ఆ గిన్నె ముందుపెట్టి క్షమించుమని మ్రొక్కుతారు. పెద్దలు వ్రేళ్లు ముంచి, తడిచేతిని తమ తలమీద రాసుకొని, ఆ నీళ్లే పిల్లల తలమీద చిలకరించి దీవిస్తారు. గిన్నె సాధారణంగా వూవాలై పేటవారు కొట్టినదే.